కందెన నుంచి కమాను కట్ట దాకా: మన రెండు జిల్లాల బండ్ల కథ



ప్రత్యేక సంచికకు గ్యారేజీ వైపు నుంచి కూడా ఒక వ్యాసం ఉండాలని సంఘం పెద్దలు అడిగారు. డ్రైవర్లు, కండక్టర్లు రాసినంతగా మెకానిక్కులు రాయరు. సర్వీసంతా చేతికి గ్రీజే గనుక కలం పట్టే అలవాటు మాకు తక్కువ. ఏం రాయాలా అని ఆలోచిస్తుండగా దసరా సెలవులకు వచ్చిన మా మనుమడు దారి చూపించాడు.

వాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడి దగ్గర రిమోటుతో నడిచే కారు ఒకటి ఉంది. జపాన్‌లోని తమియా కంపెనీ 2013లో తెచ్చిన టి.టి.-02 అనే రకమట. అసలు కారులో పదో వంతు సైజు. ఈ రకాన్ని టూరింగ్ కారు అంటారట. పిల్లల బొమ్మే కదా అనుకుని తిరగేసి చూసి ఆశ్చర్యపోయాను. నడుమ ప్రొపెల్లర్ షాఫ్టు, ముందొకటి వెనుకొకటి డిఫరెన్షియల్, నాలుగు చక్రాలకు నాలుగు స్ప్రింగులు, నాలుగు డ్యాంపర్లు. 35 ఏళ్లు నేను పిట్‌లో దిగి తల ఎత్తి చూసినవన్నీ అరచేతిలో ఉన్నాయి.

వాడి దగ్గరున్న డబ్బు ఒక్క కొత్త సామానుకే సరిపోతుంది. "తాతా, గట్టి స్ప్రింగులు వెయ్యాల్నా, అల్యూమినియం షాఫ్టు వెయ్యాల్నా? ఏది మంచిగుంటది?" అని అడిగాడు. "ముందు ఏ రోడ్డు మీద నడుపుతవో చెప్పు బిడ్డా" అన్నాను. వాడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి మన రెండు జిల్లాల బండ్ల చరిత్ర అంతా చెప్పవలసి వచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాను. జిల్లాలంటే 2016లో విడిపోక ముందున్న ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ అని గ్రహించ మనవి.

మొదటిది ఎడ్లబండి. దానికి స్ప్రింగు లేదు. ఇరుసు కదలదు, చక్రాలు మాత్రమే దాని మీద తిరుగుతాయి. ఒక చక్రం వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరిగినా ఇబ్బంది లేదు గనుక మలుపు తిరగడానికి ఏ డిఫరెన్షియలూ అక్కరలేదు. ఒకే షాఫ్టుతో రెండు చక్రాలనూ తిప్పవలసి వచ్చినప్పుడే ఆ అవసరం పుట్టింది. ఎడ్లబండికి కావలసిందల్లా కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఇరుసుకు రాసేవారు. ఆముదం మన రెండు జిల్లాల పంటే కాబట్టి దానికి కొదవ లేదు. ఎర్రచెల్క, రాతిబాట, వాగు ఇసుక, అన్నింటిలోనూ ఆ బండి నడిచింది. ఎగుడుదిగుళ్లు మాత్రం ఎక్కినవాడి నడుమే మోయాలి.

రాజుల కాలపు బగ్గీలకు, పట్నం జట్కాలకు కమాన్లు వచ్చాయి. ఇంగ్లండులో ఒబదయా ఎలియట్ అనే బండ్ల తయారీదారు 1804లో విల్లులా వంగిన ఉక్కు పట్టీలను కట్టగా కట్టి బండి కింద పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన కమాను కట్ట దాని వంశంలోదే. గుర్రబ్బండి పోయి మోటారు వచ్చినా ఆ కట్ట మాత్రం పోలేదు.

ఇక మన సంస్థ సంగతి. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను కంపెనీ చేతి నుంచి తీసుకుంది. ఆ రైల్వే కిందనే 1932 జూన్‌లో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు, అంతే మొదటి బలగం. ఆ తొలినాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టిన కంపెనీవి. బస్సు నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం గారి తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని మన పెద్దలు చెప్పుకునేవారు. నల్లగొండ పట్టణానికి రైలు చాలా ఆలస్యంగా, బీబీనగర్–నడికుడి మార్గం పడ్డాక గాని రాలేదు. అందుచేత మన ప్రాంతానికి బస్సే రైలు.

1951 నవంబరు 1న ఆ శాఖ రైల్వే నుంచి విడిపోయి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఆనాటికి 609 బస్సులు. 1999లో అదే సంస్థ ప్రపంచంలో అతి పెద్ద బస్సుల సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. నడుమ కాలంలో సీమ బండ్లు పోయి మన దేశంలో తయారైనవి వచ్చాయి. మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండ్ అయింది. టెల్కో వారు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజితో ఒప్పందం చేసుకుని, 1969 తరువాత సొంత టాటా గుర్తుతో బండ్లు ఇచ్చారు. కామెట్, వైకింగ్, టాటా 1210 అనే పేర్లు ఈ పత్రిక చదివే ఇళ్లలో చుట్టాల పేర్లలా వినిపిస్తాయి.

పాత బండ్లలో గేరు మార్చడమే ఒక విద్య. సింక్రోమెష్ లేని రోజుల్లో డబుల్ క్లచ్ కొట్టాలి. ఒకసారి క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, ఇంజను వేగం సరిచూసుకుని మళ్లీ తొక్కి గేరు వెయ్యాలి. తప్పితే పళ్లు కరకరలాడేవి. ఆ చప్పుడు గ్యారేజీ దాకా వినిపిస్తే "ఎవర్రా కొత్తాయన?" అనేవారు.

చట్రం ఏ ఊరిలో తయారైనా దాన్ని మన రోడ్డుకు తగినట్టు నిలబెట్టడం మన గ్యారేజీ పని. ఇక్కడ మన రెండు జిల్లాలు పెద్ద పరీక్షలే పెట్టాయి. విజయవాడ రోడ్డు చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, బెంగుళూరు రోడ్డు షాద్‌నగర్ నుంచి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాకా దాదాపు చదును. శ్రీశైలం రోడ్డు మరో లోకం. డిండి దాటి, హాజీపూర్ మీదుగా మన్ననూరు చేరితే అక్కడి నుంచి నల్లమల ఘాటు. ఫరహాబాదు, వటవర్లపల్లి, దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగుడు.

ఈ రెండు రకాల రోడ్లకు ఒకే క్రౌన్ పినియన్ సరిపడదు. ఉదాహరణకు ప్రొపెల్లర్ షాఫ్టు 6 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగే హౌసింగ్ ఒకటి, 5 చుట్లకే ఒక చుట్టు తిరిగేది ఇంకొకటి ఉన్నాయనుకోండి. మొదటిది ఘాటులో నిండు లోడును సుఖంగా లాగుతుంది. కాని అదే వేగానికి ఇంజను అయిదో వంతు ఎక్కువ తిరగాలి గనుక చదును రోడ్డు మీద డీజిలు ఎక్కువ తాగుతుంది. రెండోది హైవే మీద మంచి కె.ఎం.పి.ఎల్. ఇస్తుంది, ఘాటులో మాత్రం క్లచ్ ప్లేటును కాలుస్తుంది. మేలైన హౌసింగ్ ఏది అని అడిగితే జవాబు లేదు. ఏ రూటుకు అని అడిగితేనే జవాబు ఉంది. శివరాత్రి స్పెషళ్లకు హైవే బండి పంపి, ఘాటులో కాలిన క్లచ్ వాసన పీల్చిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు.

ఇప్పుడు కమాన్ల దగ్గరకు వస్తాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. ఇన్నేళ్లు ఎక్కడా రాయలేదు.

నేను 1974లో చేరి 2009లో రిటైరయ్యాను. 1983 ప్రాంతంలో నల్లగొండ జిల్లాలోని ఒక డిపోలో మెకానిక్‌ని. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు తిరిగే ఒక బస్సుకు వెనుక కమాను పట్టీలు పదే పదే విరిగేవి. కంకర తేలిన రోడ్డు, పెళ్లిళ్ల రోజుల్లో టాపు మీద కూడా జనం. రెండు నెలల్లో మూడుసార్లు విరిగింది. ప్రతిసారీ బ్రేక్‌డౌన్, ప్రతిసారీ మెమో భయం. మూడోసారి నాకు పంతం వచ్చింది. స్క్రాపులో పడి ఉన్న మందపాటి లారీ పట్టీ ఒకటి సైజు చేసి, ఎవరినీ అడగకుండా ఆ కట్టలో వేసి బిగించాను. నెల దాటినా కమాను విరగలేదు. డ్రైవరు అన్న నా భుజం తట్టాడు. నేనూ పొంగిపోయాను.

కమాను పట్టీ లెక్క అప్పుడు నాకు పూర్తిగా తెలియదు, తరువాత ట్రైనింగులో నేర్చుకున్నాను. అదే మందం పట్టీలు ఎనిమిది ఉన్న కట్టకు ఇంకొకటి కలిపితే గట్టిదనం ఎనిమిదో వంతు పెరుగుతుంది. మందం పెంచితే లెక్క వేరు. పట్టీ మందం పదో వంతు పెరిగితే గట్టిదనం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. నేను వేసిన ఒక్క లారీ పట్టీతో ఆ కట్ట స్వభావమే మారిపోయింది. నిండు లోడులో తేడా తెలియలేదు. సగం ఖాళీగా వచ్చేటప్పుడు బస్సుకు కమాను ఉన్నా లేనట్టే.

ఒక రోజు ట్రయలు చూడడానికి అదే బస్సులో ఎక్కాను. వెనుక సీటులో ఒక అవ్వ కూర్చుంది. మన జిల్లా పడమటి ఊళ్లలో ఫ్లోరైడు నీళ్లు తాగిన మనుషుల్ని మీరంతా చూసే ఉంటారు. ఎముకలు బిగుసుకుపోతాయి, వెన్ను వంగిపోతుంది, మెడ తిరగదు. ఆ అవ్వదీ అదే బాధ. కొడుకు వెంట నెలకొకసారి నల్లగొండ దవాఖానాకు వెళ్లి వస్తుందట. ప్రతి గుంతకూ ఆమె సీటు మీది నుంచి లేచి పడుతోంది. రెండు చేతులతో ముందు రాడ్డు పట్టుకుంది. ఖాకీ బట్టలు చూసి నన్ను పిలిచింది. "గీ బస్సు నన్ను కొడ్తున్నది బిడ్డా. పోయిన నెల గిట్ల లేకుండె" అంది.

కోపంగా అనలేదు. ఊరికే చెప్పింది. నాకు మాత్రం నోరు పెగల్లేదు. కొట్టేది బస్సు కాదని, నేనని నాకు తెలుసు. ముందుకు రమ్మని చెప్పి రెండు ఇరుసుల నడుమ సీటులో కూర్చోబెట్టాను. వెనుక ఇరుసు దాటిన సీటులో కుదుపు ఎక్కువ. నడుమ సీటులో కొంత నయం. అంతకన్నా అప్పటికి చేయగలిగింది లేదు.

ఆ రాత్రే బస్సును పిట్ మీదికి తీసుకుని కట్ట విప్పాను. చూస్తే వెనుక పిల్లరు దగ్గర రివెట్లు కూడా వదులయ్యాయి. కమాను మింగవలసిన దెబ్బ బాడీ మింగుతోందన్నమాట. అప్పుడు గాని అసలు కారణం వెతకాలన్న బుద్ధి పుట్టలేదు. షాకిల్ పిన్ను గ్రీజు నిప్పిల్ దుమ్ముతో మూసుకుపోయి ఉంది. ఎన్నాళ్లనుంచో గ్రీజు లోపలికి వెళ్లడం లేదు. పిన్ను బిగుసుకుపోవడంతో కమాను చాచుకోవడానికి జాగా లేదు. యు బోల్టులు కూడా వదులు. యు బోల్టు వదులైతే కట్ట నడుమ భాగంలో పట్టీలు కదిలి సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరుగుతాయి. మా పట్టీలు మూడుసార్లూ అక్కడే విరిగాయి. నేను చూడలేదు, అంతే.

లారీ పట్టీ తీసి స్క్రాపులో పడేశాను. పిన్నులు, బుష్‌లు మార్చి, పట్టీల నడుమ గ్రాఫైట్ గ్రీజు రాసి, యు బోల్టులు కొత్తవి వేసి, ఒక ట్రిప్పు లోడుతో తిరిగి వచ్చాక మళ్లీ బిగించాను. ఈ రెండోసారి బిగింపు చాలామంది మరిచిపోతారు. ఆ తరువాత ఆ బస్సుకు కమాను అసలు విరగలేదని చెప్పను. ఆ రోడ్డు మీద విరగకుండా ఎట్లా ఉంటుంది? కాని రెండు నెలలకు మూడు అన్నది ఏడాదికి ఒకటో రెండో అయింది. పై అధికారికి జరిగింది చెప్పాను. తిట్టాడు. తిట్టదగినదే.

ఆ అవ్వ మళ్లీ మా బస్సు ఎక్కిందో లేదో నాకు తెలియదు. చాలా నెలలు ఆ రూటు బస్సు వచ్చినప్పుడల్లా వెనుక సీటు వైపు చూసేవాణ్ని.

తరువాత బదిలీ మీద పాలమూరు జిల్లాకు వెళ్లాను. అక్కడ ఇంకో సంగతి చూశాను. కరువు రోజుల్లో కూలికి ముంబయి వెళ్లే కుటుంబాలు గిన్నెలు, బియ్యం మూటలు, పడక బట్టలు, పిల్లలతో సహా ఎక్కేవి. ఇల్లంతా టాపు మీదే. అంత బరువుకు గట్టి కట్ట కావాలి, నిజమే. తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చినప్పుడు అదే కట్ట కొడుతుంది. దీనికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం హెల్పర్ స్ప్రింగు. లోడు ఒక హద్దు దాటి కమాను కిందికి దిగితేనే అది తాకి పని మొదలుపెడుతుంది, మిగతా వేళ ఊరకే ఉంటుంది. నేను లారీ పట్టీతో మొరటుగా చేయబోయిన పనిని అది తెలివిగా చేస్తుంది. అవసరమైనప్పుడే గట్టిగా ఉండడం అన్నమాట.

ఇప్పటి బండ్లు చాలా ముందుకు వెళ్లాయి. కొన్నింటికి పారాబోలిక్ కమాన్లు వచ్చాయి. పట్టీలు తక్కువ, నడుమ మందంగా చివర పలుచగా ఉంటాయి, ఒకదానికొకటి ఒరుసుకోవు గనుక మెత్తగా నడుస్తాయి. పెద్ద బస్సులకు గాలి బెల్లోలు. లోడు ఎక్కితే వాల్వు గాలి నింపుతుంది, దిగితే వదులుతుంది. 2023 మే నెలలో మియాపూర్ నుంచి విజయవాడకు బ్యాటరీతో నడిచే ఈ-గరుడ బస్సులు మొదలైనప్పుడు చూడ్డానికి వెళ్లాను. క్లచ్ లేదు. డబుల్ క్లచ్ కొట్టిన మా తరం డ్రైవరు అన్నలు ఎంత మంది చూడకుండానే వెళ్లిపోయారో అనిపించింది. అదే ఏడు డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం రావడంతో పల్లె బస్సులు మళ్లీ పాత రోజుల్లా నిండుతున్నాయి. అంటే కమాన్ల మీద బరువు పెరిగినట్టే. ఇప్పుడు గ్యారేజీలో ఉన్న తమ్ముళ్లకు నా మాట ఒకటే. పట్టీ విరిగిందని కట్ట గట్టి చేయకండి, ముందు ఎందుకు విరిగిందో చూడండి. గట్టి సామాను దెబ్బను ఆపదు, పక్క సామానుకో పైన కూర్చున్న మనిషికో పంపిస్తుంది.

ఇదంతా విని మా మనుమడు కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కారు తెచ్చి నా ముందు పెట్టి "అయితే దీనికేం చేద్దాం తాతా?" అన్నాడు. ఇద్దరం కలిసి విప్పాం. చక్రాల ఇరుసులు ప్లాస్టిక్ బుష్‌లలో తిరుగుతున్నాయి, బుష్‌లలో దుమ్ము నిండి ఉంది. ఎత్తి పట్టుకుని చక్రం తిప్పితే రెండు చుట్లకే ఆగిపోతోంది. ఇక అల్యూమినియం షాఫ్టు ఎందుకు? ప్లాస్టిక్ షాఫ్టు విరగలేదు, వంగలేదు. స్ప్రింగులు గట్టివి వేస్తే మా వీధి సీసీ రోడ్డు అతుకుల మీద కారు ఎగిరి చక్రం నేల వదిలేస్తుంది, నేల వదిలిన చక్రం బండిని లాగదు. నున్నటి ట్రాకు మీద పందెం వేసేవాళ్లకు అవి పనికిరావచ్చు. వీడి రోడ్డుకు మాత్రం బాల్ బేరింగులు మొదట, మళ్లీ డబ్బు కూడినప్పుడు నూనె పోసే డ్యాంపర్లు, స్ప్రింగులు ఉన్నవే ఉండనీ అని తేల్చాం. ఎడ్లబండికి కందెన, బస్సుకు గ్రీజు, వాడి కారుకు బేరింగు, అన్నీ ఒరిపిడిని తగ్గించే పనే కదా.

బేరింగులు వచ్చాక వేశాం. ఎత్తి పట్టుకుని చక్రం తిప్పితే చాలాసేపు ఆగకుండా తిరిగింది. "మెత్తగ పోతుంది తాతా" అని వీధి చివరిదాకా నడిపి చూపించాడు. నాకు ఆ అవ్వ మాట గుర్తుకు వచ్చింది, వాడికి అప్పుడే చెప్పాను. ముందు చెప్పినప్పుడు బస్సు సంగతే చెప్పాను గాని అవ్వ సంగతి దాచాను.

మన రూట్ల మీద ఇటువంటి అనుభవాలు మీలో ప్రతి ఒక్కరికీ ఉంటాయి. బాగా చేసినవే కాక పొరపాటు చేసి నేర్చుకున్నవి కూడా రాసి సంఘానికి పంపవలసిందిగా కోరుతున్నాను. సంస్థ చరిత్ర తారీఖులు పుస్తకాలలో దొరుకుతాయి. ఏ పట్టీ ఎందుకు విరిగిందో మనం చెబితేనే తెలుస్తుంది. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు.

ఇట్లు,
మీ గ్యారేజీ సోదరుడు